రమ్మని రాయలేదు

14 జూన్ 1999, సోమవారం

ఈ డైరీ ఆయన జనవరిలో ధవళేశ్వరం ఆఫీసు నుంచి తెచ్చిచ్చారు. అంగన్‌వాడీలో పొద్దస్తమానం రిజిస్టర్లు రాసేదాన్ని, ఇంటికొచ్చి మళ్లీ రాతలేంటని అలమారలో పడేశాను. ఇవాళ తీశాను.

ఇవాళ తూకాల రోజు. అందరూ వెళ్లిపోయాక మరిడమ్మ వచ్చింది, మనవరాల్ని భుజాన వేసుకుని. ఆమె కూతురు వీరవేణి బిడ్డ, దుర్గాశ్రీ. వీరవేణి మొగుడు కొబ్బరికాయలు దింపుతూ చెట్టు మీంచి పడి చనిపోయేటప్పటికి ఈ పిల్ల ఇంకా కడుపులో ఉంది. పిల్లకి ఏడో నెల నిండగానే వీరవేణి కువైట్ వెళ్లింది, ఎవరింట్లోనో పనికి. రెండేళ్లకి గానీ రాదు.

కాటాకి తగిలించిన జోలెలో కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోయింది. పది నెలల పిల్ల. నాలుగు కిలోల తొమ్మిది వందల గ్రాములు. కాటా చెడిందేమోనని ముల్లు సున్నాకి తెచ్చి మళ్లీ తూచాను. మళ్లీ అంతే. మూడో గ్రేడు. మా ఊళ్లో ఇంత బరువు తక్కువ పిల్ల మూడేళ్లుగా లేదు.

"పిల్లకి ఏం పడుతున్నావు మరిడమ్మా?"

"డబ్బా పాలేనండి. నీళ్లెక్కువ కలిపేత్తున్నానని నర్సమ్మగారు తిట్టారండి. సీసా నిండాలి కదండీ మరి."

పిల్ల ఏడవలేదు. అదే నాకు భయం వేసింది. ఏడ్చే పిల్లతో ఏ బాధా లేదు. నా చీర కొంగు గుప్పిట్లో పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ పడుకుంది, అంతే.

15 జూన్

గుడ్డులో పచ్చసొన, అర చెంచా. ఉమ్మలేదు.

3 జూలై, శనివారం

రోజూ పొద్దున్నే నేనే వెళ్లి తెచ్చుకుంటున్నాను. మరిడమ్మ కొబ్బరి పీచు మిల్లుకి పోతుంది, సాయంత్రం వచ్చి తీసుకెళ్తుంది. సెంటరు మధ్యాహ్నమే మూసేస్తాం కాబట్టి అప్పట్నుంచి పిల్ల మా ఇంట్లోనే. ఇలాంటి పిల్లలకి రోజుకి ఆరుసార్లు పెట్టాలని ట్రైనింగులో చెప్పారు. అందుకే. ఇంకేం కాదు.

శనివారం శనివారం ధవళేశ్వరం నుంచి వచ్చే ఆయన ఇవాళ మధ్యాహ్నం బస్సుకే వచ్చారు. మంచం మీద పిల్లని చూసి గుమ్మంలో ఆగిపోయారు.

"ఎవరమ్మాయి?"

చెప్పాను. "సరే" అని కాళ్లు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లారు. చాలాసేపు కడుక్కున్నారు.

తొంభై ఒకటిలో గర్భిణుల రిజిస్టర్లో నా పేరు నేనే రాసుకున్నాను, పద్నాలుగో నంబరు. ఏడో నెలలో పోయింది. 'కాన్పు ఫలితం' అన్న గడిలో అలాంటప్పుడు ఏం రాయాలో నాకు తెలుసు, ఊళ్లో ఎందరికో రాశాను. ఆ ఒక్కటీ సూపర్‌వైజర్ గారి చేత రాయించాను.

22 జూలై, గురువారం

మరిడమ్మ ఉత్తరం రాసిపెట్టమని వచ్చింది. గడప మీద కూర్చుని దగ్గుతూ చెప్పింది, నేను రాశాను. వానలు బాగా పడుతున్నాయి. గోడ ఒకవైపు కూలింది, తాటాకు కట్టాం. పిల్ల కోలుకుంటోంది, టీచరుగారు పెడుతున్నారు.

"ఇంకా రాయండి. నాకీ దగ్గు తగ్గట్లేదు, పిల్లని సూసుకోలేపోతన్నాను. పరాయోళ్ల మీద ఎన్నాళ్లని పడేత్తాం. వీలైతే వచ్చెయ్యమని రాయండి."

చదివి వినిపించమంది. మొదట్నుంచి చివరి దాకా వినిపించాను. రాయని మాట కూడా వినిపించాను.

ఆ చివరి మాట రాయడానికి కాగితంలో చోటు లేదు.

23 జూలై

చోటుంది. నాలుగు వేళ్ల చోటుంది.

19 ఆగస్టు, గురువారం

వీరవేణి ఉత్తరం వచ్చింది, నా పేరు మీదే. ఐదో తరగతి దాకా చదివింది, అక్షరాలు విడివిడిగా పెద్దపెద్దగా ఉన్నాయి. నాలుగుసార్లు చదివాను. ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

'టీచరుగారికి వీరవేణి నమస్కారాలు. అమ్మ రాయించిన ఉత్తరం అందింది. మీరు పిల్లకి పెడుతున్నారని తెలిసి ఇక్కణ్నుంచే మీకు దణ్ణం పెట్టుకున్నాను. అమ్మకి దగ్గు తప్ప అందరూ బాగున్నారు కాబట్టి రెండేళ్లూ ఉండే వస్తాను. ఇక్కడ నాకు పిల్లాణ్ని చూసే పని. వాడిది మన దుర్గ ఈడే. వచ్చిన కొత్తలో వాడు ఏడిస్తే నా జాకెట్టు తడిసిపోయేది. మేడమ్ చూస్తుందని బాత్రూంలోకి పోయి పిండేసుకునేదాన్ని. ఇప్పుడు ఆగిపోయాయండి. ఎవరూ లేనప్పుడు వాణ్ని దుర్గా అని పిలుస్తాను. పలుకుతాడు. మీ దగ్గర బరువు కార్డు ఉంటుంది కదండీ, అందులో మా పిల్ల గీత ఎలా ఉందో అలాగే కాగితం మీద గీసి పంపండి. చూసుకుంటాను.'

మధ్యాహ్నం పిల్ల పడుకున్నాక కార్డు మీద పల్చటి కాగితం పరిచి గీత దించాను. జూన్ చుక్క దగ్గర చెయ్యి ఆగింది. అది మరీ కింద ఉంది. దూరాన ఉన్న మనిషిని భయపెట్టడం ఎందుకని జూలై నుంచి గీశాను. భయపడితే బయల్దేరి వచ్చేస్తుందని కాదు. పైకెక్కే గీత చూసుకుని సంతోషపడుతుంది కదా.

ఆరు కిలోలు దాటింది.

13 సెప్టెంబరు, సోమవారం

వినాయక చవితి. సెంటరుకి సెలవు. అయినా నాగరత్నం వచ్చింది, మా ఆయా. నాతో పాటు పదేళ్లుగా చేస్తోంది, ఏదీ మనసులో దాచుకోదు. ఉండ్రాళ్లు తెచ్చింది. పిల్ల గోడ పట్టుకుని నిలబడుంది. నాగరత్నాన్ని చూసి నవ్వి, నావైపు తిరిగి, "అమ్మ" అంది.

"అత్త అనాలే. అత్త!" అని దిద్దింది నాగరత్నం.

నేను దిద్దలేదు. ఈ ఈడు పిల్లలు గోడని చూసినా అమ్మ అంటారు, మాట తిరగడం కోసం. పుస్తకాల్లో కూడా ఉంది.

నాగరత్నం వెళ్తూ వెళ్తూ, "టీచరుగారూ, ఓ మాటంటాను ఏమనుకోకండి. ఈ పిల్లకి ఓ అమ్ముందండి" అంది.

"నాకు తెలీదా?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

సాయంత్రం దాకా పిల్ల అమ్మ అని పదకొండుసార్లు అంది. గోడని చూసి ఒక్కసారీ అనలేదు.

11 అక్టోబరు, సోమవారం

మరిడమ్మ దగ్గులో నెత్తురు పడింది. నర్సమ్మగారు రాజమండ్రి పెద్దాసుపత్రికి రాశారు, నేనే తీసుకెళ్లాను. క్షయ అన్నారు. ఆర్నెల్లు మానకుండా మందులు మింగితే తగ్గిపోతుందన్నారు. అంతవరకూ చంటిపిల్లని దూరంగా ఉంచమన్నారు. పిల్లకి పరీక్షలు చేశారు, ఏమీ లేదు. ఆ మాట వినగానే బల్ల మీద కూర్చుండిపోయాను.

మరిడమ్మని అన్నవరంలో ఉన్న తమ్ముడు బుల్లియ్య వచ్చి తీసుకెళ్లాడు. బస్సెక్కబోతూ నా చెయ్యి పట్టుకుంది.

"ఈసారి తప్పకుండా రాయండి టీచరుగారూ. నా సంగతి రాయండి. దాన్ని రమ్మనండి."

"రాస్తాన్లే."

"మీకు బరువైపోయాం."

బరువు కాదని ఎలా చెప్పను? తిరుగు బస్సులో పిల్ల నా ఒళ్లో నిద్రపోయింది. పక్క సీటావిడ "మీ అమ్మాయి మీ పోలికేనండి, అదే నుదురు" అంది. నవ్వాను. ధవళేశ్వరం దాటిందాకా ఆ మాట మళ్లీ ఇంకోసారి అంటుందేమోనని చూశాను.

18 అక్టోబరు

రాయాలి. దసరా వెళ్లాక రాస్తాను.

30 అక్టోబరు, శనివారం

ఆయన పిల్లకి ఎర్ర గౌను తెచ్చారు. కొలత లేకుండా తెచ్చారు, చీలమండల దాకా వచ్చింది. సాయంత్రం అరుగు మీద వెల్లకిలా పడుకుని పిల్లని పొట్ట మీద కూర్చోబెట్టుకుని లాంచీ ఆట ఆడించారు. ఆయన ఊపిరి పీల్చితే లాంచీ లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఆయన అలా నవ్వగా విని ఎనిమిదేళ్లయింది. వంటింట్లో పొయ్యి మీద ఏముందో మరిచిపోయి కిటికీ దగ్గర నిలబడిపోయాను.

అన్నం తింటూ అడిగారు. "ముసలావిడ సంగతి వాళ్లమ్మాయికి తెలుసా?"

"రాశాను."

తలెత్తి చూశారు. మజ్జిగ పోసుకున్నారు.

రాస్తాను కదా. రాయబోయేది రాసినట్టే.

19 నవంబరు, శుక్రవారం

ఇది రాయడానికి కూర్చుని గంటైంది.

నిన్న చిట్టియ్య గారి ఎస్టీడీ బూత్ నుంచి కబురొచ్చింది. వీరవేణి ఇవాళ నాలుగింటికి ఫోన్ చేస్తుందని, పిల్లని తీసుకురమ్మని. వాళ్ల మేడమ్ శుక్రవారం పుట్టింటికి వెళ్తూ, ఒకసారి మాట్లాడుకోమని ఒప్పుకుందట.

ఎర్ర గౌను వేసి తీసుకెళ్లాను. ఫోన్ మోగితే పిల్ల ఉలిక్కిపడి నా మెడ కరుచుకుంది.

"టీచరుగారూ, నేనండి, వేణిని. బాగున్నారాండి? మా అమ్మేదండి?"

అప్పుడైనా చెప్పాల్సింది. బూత్‌లో చిట్టియ్య గారు తప్ప ఎవరూ లేరు.

"మిల్లుకెళ్లిందమ్మా."

"నేను ఫోన్ చేసే రోజు కూడానాండి? దగ్గు తగ్గిందాండి?"

"ఆఁ, మందు వాడుతోంది."

అది అబద్ధం కాదు.

"పిల్ల చెవి దగ్గర పెట్టండి. దుర్గా! దుర్గమ్మా! నానీ, నేనే, అమ్మని. ఓ మాట మాట్లాడు తల్లీ. ఒక్క మాట."

పిల్ల రిసీవరు వంక చూసింది. అందులోంచి గొంతు వస్తుంటే భయపడింది. పెదవి విరిచి, నా బుగ్గ మీద చెయ్యేసి, నా మొహం తనవైపు తిప్పుకుని, నా కళ్లలోకి చూస్తూ, "అమ్మా" అంది. స్పష్టంగా అంది.

అవతల పెద్దగా ఏడుపు.

"పిలిచిందండీ! టీచరుగారూ, నన్ను పిలిచింది! విన్నారాండి? నన్నే కదండీ?"

"అవునమ్మా. నిన్నే."

"గుర్తు పట్టిందండీ నా గొంతు!"

"గుర్తు పట్టింది."

లైను కట్ అయ్యింది. చిట్టియ్య గారు పుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు తల దించుకున్నారు. నా వంక చూడలేదు. ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలీదు. దారంతా పిల్ల నా చెవి కమ్మ లాగుతూ ఆడుకుంటూనే ఉంది.

పాలు ఆగిపోయాయండి అని రాసింది ఆ మనిషి. బాత్రూంలో పిండేసుకున్నానని రాసింది. నేను ఆమె నుంచి ఆ ఒక్క పిలుపు కూడా తీసేసుకుని, అబద్ధం చేతిలో పెట్టాను.

20 నవంబరు, శనివారం

ఆయన రాగానే చెప్పేశాను. మొదటి ఉత్తరం దగ్గర్నుంచి నిన్నటి దాకా. చెప్తున్నంతసేపూ ఆయన చేతిసంచీ కింద పెట్టలేదు.

తిడతారనుకున్నాను.

"నువ్వు రాయలేదని నాకు తెలుసు కళా. ఆవేళ నీ మొహం చూస్తేనే తెలిసింది."

"మరి అడగలేదే?"

"అడిగితే పిల్ల వెళ్లిపోతుందని."

ఆయన సంచీ కింద పెట్టి నా పక్కన కూర్చున్నారు. పిల్ల ఆయన సంచీలో చెయ్యి పెట్టి అరటిపళ్లు ఒక్కొక్కటే బయటికి తీసి మళ్లీ లోపల పెడుతోంది.

కాగితం తీసి రాశాను. నాలుగు పేజీలైంది. మీ అమ్మకి క్షయ, మందులకి లొంగుతోంది, అన్నవరంలో ఉంది. జూలైలోనే నిన్ను రమ్మంది, నేను రాయలేదు. జూన్‌లో పిల్ల నాలుగు కిలోల తొమ్మిది వందలు, ఆ చుక్క నీకు పంపలేదు. ఫోన్లో పిల్ల అమ్మా అన్నది నా మొహం చూసి. నిన్ను కాదు. ఈ చివరి వాక్యం రాయడానికి పట్టినంతసేపు మిగతా ఉత్తరమంతటికీ పట్టలేదు.

రాజమండ్రి స్టేషన్లో వేస్తే రెండ్రోజులు ముందు చేరుతుందని ఆయన జేబులో పెట్టుకున్నారు.

5 డిసెంబరు

జవాబు లేదు. అందే ఉంటుంది.

19 డిసెంబరు, ఆదివారం

పోలియో చుక్కలు. మా బూత్‌లో నూట పదకొండు మందికి వేశాం. దుర్గ చుక్కలు మింగి, ఇంకా కావాలని నోరు తెరుచుకుని వరసలో నిలబడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఉత్తరం దారిలో పోయుంటే? అలా పోతుంటాయి. ఇలా అనుకున్నందుకు నన్ను నేను ఏమనాలో తెలీదు.

6 జనవరి 2000, గురువారం

చిట్టియ్య గారే స్వయంగా వచ్చి చెప్పారు. "వీరవేణి ఫోన్ చేసిందండి. వేరే మనిషి దొరికేదాకా ఉండమన్నారంట, వచ్చే నెల పంపిత్తారంట."

"ఇంకేమైనా అందాండి?"

"వాళ్లమ్మ అడ్రసు అడిగిందండి. అంతేనండి."

నా గురించి ఏమీ అడగలేదు.

29 జనవరి

దుర్గ వీధి చివరి దాకా నడిచింది. ఎనిమిది కిలోల నాలుగు వందలు. గౌను సరిపోతోంది.

17 ఫిబ్రవరి, గురువారం

వచ్చింది. హైదరాబాదు నుంచి రైల్లో రాజమండ్రి, అక్కణ్నుంచి తిన్నగా మా ఇంటికే. గుమ్మంలో పెట్టె దింపి నిలబడింది. బాగా చిక్కిపోయింది. "దుర్గా" అంది మెల్లగా.

పిల్ల నా వెనక్కి పోయి చీర కుచ్చిళ్లలో దాక్కుంది.

వీరవేణి కింద కూర్చుని చేతులు చాచింది. దుర్గ గుక్కపట్టి ఏడ్చింది, "అమ్మా, అమ్మా" అని నన్ను పట్టుకుని. విడిపించి ఎత్తి ఇచ్చాను. వీధిలోకి వెళ్లాక కూడా ఆ ఏడుపు వినిపించింది. కబురు విని వచ్చిన నాగరత్నం పిల్ల సామానుల సంచీ పట్టుకుని వాళ్ల వెనకాలే వెళ్లింది.

19 ఫిబ్రవరి, శనివారం

పొద్దున్నే వీరవేణి పిల్లతో వచ్చింది. గడప దాటలేదు.

"తినట్లేదండి. రెండ్రోజులైంది. మీరు పెట్టండి."

పెట్టాను. గబగబా తింది, నా ఒళ్లో కూర్చుని. వీరవేణి నిలబడి చూసింది. మూతి తుడిచాక అడిగింది.

"అమ్మ జూలైలోనే రమ్మందంట."

"అవును."

"ఎందుకు రాయలేదండి?"

సమాధానాలు చాలా దాచుకున్నాను ఇన్నాళ్లూ. అవన్నీ వదిలేసి, "పిల్ల కావాలనిపించింది" అన్నాను.

వీరవేణి గుమ్మానికి ఆనుకుంది. "రాసినా వాళ్లు వెంటనే పంపేవోళ్లు కాదండి" అంది. "కానీ నాకు తెలిసేది కదండీ. మా అమ్మ అలాగుంది, నా పిల్ల ఇలాగుంది అని ఏడుద్దును. ఆ ఏడుపు నాది కదండీ. అది కూడా మీరే ఉంచేసుకున్నారు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మీరు లేకపోతే పిల్ల ఉండేది కాదు. అదీ నాకు తెలుసు. మిమ్మల్ని ఏమనాలో నాకు తెలీట్లేదండి."

నేను కనపడే చోట ఉన్నంతకాలం దుర్గ ఆమె చేతి ముద్ద తినదు. ఆయనతో చెప్పాను. సోమవారం సెలవు చీటీ పెడతాను, నలభై రోజులు. సెంటరు నాగరత్నం చూసుకుంటుంది, తూకాలకి పక్క ఊరి టీచరు వస్తుంది.

వీరవేణికి ఒక కాగితం రాసిచ్చాను. పప్పు మెత్తగా మెదిపితేనే తింటుంది. గుడ్డు పొద్దున. కుడివైపు ఎత్తుకుంటే నిద్రపోతుంది. పాల సీసా వద్దు, గ్లాసుతోనే పట్టు.

27 ఫిబ్రవరి, ధవళేశ్వరం

ఆయన గదిలో ఒక మంచం, ఒక కిరసనాయిలు స్టవ్వు. పదేళ్లుగా ఈ మనిషి వారమంతా ఎలా తింటున్నాడో ఇప్పుడు చూశాను. సాయంత్రాలు ఆనకట్ట దాకా నడుస్తున్నాం. కాలవల్లోకి నీళ్లు వదిలే చోట హోరుంటుంది, మాట్లాడాల్సిన పనిలేదు.

12 మార్చి

పక్కింటి పిల్ల ఏడిస్తే లేచి గుమ్మం దాకా వెళ్లాను. ఆయన చూసి, "పడుకుంటుందిలే" అన్నారు. ఏ పిల్ల గురించి అన్నారో ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు తింటోందా?

13 మార్చి

తింటోందా?

1 ఏప్రిల్, శనివారం

ఇల్లు చేరాను. ఆయన కూడా వచ్చారు. చేపల ఆటోలో ఇరుక్కుని వచ్చాం. వీధి మలుపులో వీరవేణి ఎదురైంది, చంకలో దుర్గ. వాళ్లమ్మ సోమవారం అన్నవరం నుంచి వస్తుందట, కఫంలో ఇప్పుడేమీ లేదని చెప్పారట.

దుర్గ నన్ను చూసింది. చూస్తూనే వీరవేణి భుజం మీద తల వాల్చేసింది. రాలేదు.

"టీచరుగారే దుర్గా, ఎల్లు" అంది వీరవేణి.

"వద్దులే. ఉండనీ."

ఆమె నిలబడే ఉంది. "సోమవారం నుంచి పీచు మిల్లుకెల్తున్నానండి. అమ్మకి ఇంకా పిల్లని మోసే ఓపిక లేదు. పొద్దున సెంటర్లో దింపుతాను. మధ్యాహ్నం నుంచి మీ ఇంట్లో ఉంచుతారాండి? నాలుగింటికొచ్చి తీసుకుపోతాను."

ఆయన "ఉంచుతాంలేమ్మా" అన్నారు.

"ఒకటేనండి. జరిగింది జరిగినట్టు చెప్పాలండి నాకు. తింటే తిన్నదని, పడితే పడిందని."

"చెప్తాను."

3 ఏప్రిల్, సోమవారం

ఎనిమిదింటికి దింపింది. దుర్గ నాగరత్నం దగ్గరే కూర్చుంది, నా దగ్గరికి రాలేదు. పదింటికి నా బల్ల దాకా వచ్చి పెన్సిలు తీసుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తింది, తను పడుకునే చోటు వెతుక్కుని పడుకుంది.

నాలుగింటికి వీరవేణి వచ్చింది, చేతులకీ జుట్టుకీ పీచు నూగు. గుమ్మంలోనే నిలబడి చెప్పాను.

"గుడ్డు సగమే తింది. పప్పన్నం బాగా తింది. అరుగు మీంచి దిగుతూ ఒకసారి పడింది, మోకాలు గీరుకుంది, కడిగాను. మూడింటికి లేచి నీకోసం ఏడ్చింది. ఎత్తుకున్నాను. ఊరుకోలేదు."

వీరవేణి తలూపింది. పిల్లని ఎత్తుకుని మోకాలు చూసి, ఊది, "వత్తామండి" అంది.

మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చి గిన్నె కడిగాను. రేపటికి గుడ్డు ఉందో లేదో చూశాను. ఉంది.